డౌన్ కంఫర్టర్ ఇంట్లోవాళ్లమే ఉతుక్కోవచ్చా? మా అనుభవం

అమెరికాలో మా మిన్నియాపొలిస్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు అక్టోబరు వచ్చేసరికి ఒకరి తర్వాత ఒకరు డౌన్ కంఫర్టర్ గురించే, అంటే పక్షి నూగు నింపిన మందపాటి బొంత గురించే అడుగుతుంటారు. "డౌన్ కంఫర్టర్ కొనమంటారా? వెచ్చగా ఉంటుందట గానీ ఉతకడం పెద్ద తలనొప్పి అంటున్నారు, నిజమేనా?" కొనుక్కోమనే చెప్తాను. ఉతకడంలో తలనొప్పేమీ లేదు. ఓపికకు పరీక్ష అంతా ఆరబెట్టడంలోనే ఉంది. మొన్న ఫిబ్రవరిలో మా కింగ్ సైజు కంఫర్టర్‌ని పూర్తిగా ఉతకాల్సి వచ్చింది. బయట ఎవరికీ ఇవ్వకుండా మేమే చేసుకున్నాం. అదెలా జరిగిందో, మిగతా ఏడాదంతా దాన్ని ఎలా చూసుకుంటామో రాస్తున్నాను.

లోపల ఏముందో తెలిస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో సగం మనకే తడుతుంది. డౌన్ అంటే బాతులకు, గూస్ అనే పెద్దబాతులకు రొమ్ము దగ్గర పైఈకల కింద ఉండే నూగు. పైఈకకు మధ్యలో గట్టి ఈనె ఉంటుంది. నూగుకు అది ఉండదు. ఒక చిన్న బిందువు దగ్గర నుంచి అన్ని వైపులకూ సన్నటి పోగులు విచ్చుకుని ఉంటాయి. ఆ పోగుల మధ్య గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. మనల్ని వెచ్చగా ఉంచేది ఆ గాలే. అందుకే నాణ్యతను 'ఫిల్ పవర్' అనే అంకెతో చెప్తారు. ఒక ఔన్సు నూగు, అంటే 28 గ్రాములు, ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందన్నదే ఆ అంకె. మాది 600. లీటర్లలోకి మార్చి చూస్తే 28 గ్రాములకే దాదాపు 10 లీటర్ల చోటు! 700, 800 అంటే ఇంకా తేలిగ్గా, ఇంకా ఉబ్బుగా ఉంటాయి, ధర కూడా అలాగే పెరుగుతుంది. ఇంట్లో పడుకోవడానికి 800 దండగ అనే నేనంటాను. జనవరి రాత్రుల్లో బయట మైనస్ 20 సెల్సియస్ ఉంటే ఉండనీ, మనం పడుకునేది ఇంట్లోనేగా. మేం రాత్రి హీటింగ్ 64 ఫారెన్‌హీట్‌కి తగ్గించేస్తాం, అంటే సుమారు 18 సెల్సియస్. 600కే ఒక్కోసారి అర్ధరాత్రి కాలు బయట పెట్టుకోవాల్సి వస్తుంది.

ఆ అంకె కంటే కుట్టు ముఖ్యం. చవక రకాల్లో పైగుడ్డనూ కిందగుడ్డనూ కలిపి నేరుగా గళ్లు కుట్టేస్తారు. కుట్టు పడిన చోట నూగు ఉండదు కాబట్టి ఆ గీతల వెంట చలి దూరుతుంది. కాస్త మంచి రకాల్లో రెండు గుడ్డల మధ్య సన్నటి గుడ్డ గోడలు నిలబెట్టి కుడతారు. దాన్నే 'బాఫిల్ బాక్స్' అంటారు. ఒక్కో గడీ చిన్న పెట్టెలా నిండుగా పొంగుతుంది. షాపులో చూసేటప్పుడు కుట్టు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని నొక్కండి. రెండు గుడ్డలూ అక్కడే అతుక్కుని ఉంటే నేరు కుట్టు, మధ్యలో ఎడం తెలిస్తే గోడలున్న రకం. మాది రెండో రకం. ఉతికే రోజున ఈ గోడలను కాచుకోవడం కూడా ఒక పనే, దాని సంగతి తర్వాత.

మా అత్తయ్యది ఆకివీడు దగ్గర ఊరు. మొదటిసారి వచ్చినప్పుడు దీన్ని చేత్తో తడిమి చూసి, లోపల బాతు నూగని తెలిసి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "బాతుల్ని చంపి తీశారా అమ్మాయ్? దీని కింద పడుకుని పొద్దున్నే దీపం ఎలా పెడతావు?" అన్నారు. వరి కోతలయ్యాక చేలల్లోకి మేతకి తోలుకొచ్చే బాతుల మందలు చూస్తూ పెరిగిన మనిషి. ఆ బాతుకీ ఈ మంచానికీ సంబంధం ఉందంటే ఆవిడకి మింగుడు పడలేదు. నిజం నిజంగానే చెప్పాను. ఇందులో ఎక్కువ శాతం మాంసం కోసం పెంచే పక్షులదే, చైనా నుంచే ఎక్కువ వస్తుంది. బతికుండగా పీకడం మీద చాలా గొడవలు జరిగాకే 2014లో 'రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్' అనే ధ్రువీకరణ వచ్చింది. బతికున్న పక్షి నుంచి పీకడం, బలవంతంగా మేత కుక్కడం దాని ప్రకారం నిషిద్ధం. మా దాని మీద ఆ ముద్ర ఉంది. పక్షిని ముట్టుకోకుండా సేకరించే నూగు కూడా లేకపోలేదు. ఐస్‌లాండ్‌లో ఐడర్ బాతులు గూళ్లలో పరచుకోవడానికి తమ నూగు తామే పీక్కుంటాయి, దాన్ని అక్కడి రైతులు గూళ్ల నుంచి ఏరుకుంటారు. కాకపోతే ఆ కంఫర్టర్ ధర వేల డాలర్లలో ఉంటుంది. అంతా విని అత్తయ్య తన గదిలోకి రెండు ఉన్ని రగ్గులు తీసుకెళ్లారు. మనసొప్పని వాళ్లకి పాలియెస్టర్ నింపినవి దొరుకుతాయి, వాటి గురించి కూడా చెప్తాను.

రోజువారీ విషయానికొస్తే, డౌన్ కంఫర్టర్‌ని మామూలుగా ఉతకనే ఉతకరు. ఉతికేది దాని కవర్‌ని, అంటే డువే కవర్‌ని. దిండుకి గలీబు ఉన్నట్టే ఇది. రెండు వారాలకోసారి కవర్ తీసి మిగతా పక్కబట్టలతో పాటు మెషీన్‌లో వేసేస్తే, లోపలిది రెండు మూడేళ్లు ఉతక్కపోయినా ఏమీ కాదు. కవర్ లేకుండా వాడుకునే ఇళ్లు చూశాను, అది మాత్రం చేజేతులా పని పెంచుకోవడమే. మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది, తలనూనె. కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే గడ్డం కింద ఆనే అంచు నెలలోనే పసుపు తిరుగుతుంది. కవర్ దాటి నూనె లోపలికి దిగిందంటే ఆ చోట నూగు అతుక్కుపోయి చదునవుతుంది. అందుకని కంఫర్టర్ కింద ఒక పలచటి దుప్పటి కూడా కప్పుకుని, దాని తల వైపు అంచు జానెడు మేర కంఫర్టర్ మీదకి మడిచేస్తాం. నూనెంతా ఆ దుప్పటికే.

కవర్ తొడగడమే పెద్ద యుద్ధం అనేవాళ్లున్నారు. నాలుగు మూలలా లోపల తాళ్లున్న కవర్ కొనండి, కంఫర్టర్‌కి కూడా మూలల్లో ఉంగరాల్లాంటి కుట్లుంటాయి. కవర్‌ని తిరగేసి మంచం మీద పరిచి, దాని మీద కంఫర్టర్ పరిచి, నాలుగు మూలలా తాళ్లు కట్టాలి. కవర్ నోరు కాళ్ల వైపు ఉండాలి. తల వైపు నుంచి రెండూ కలిపి గట్టిగా చుట్టుకుంటూ నోటి దాకా రావాలి. ఆ నోటిని రెండు కొసల్లోనూ చుట్ట మీదుగా అవతలికి తిప్పేసి, గుండీలు పెట్టి, మళ్లీ తల వైపుకి విప్పుకుంటూ పోతే కవర్ తొడిగేసి ఉంటుంది. ఇక్కడ దీన్ని బరీటో పద్ధతి అంటారు. చదివితే అయోమయంగా ఉంటుంది గానీ ఒకసారి చేస్తే చేతికి అబ్బుతుంది. పిన్నీసులు మాత్రం పెట్టొద్దు. పిన్నీసు చేసిన ప్రతి చిల్లులోంచీ నూగు బయటికి పాకుతుంది.

ఇక ఉతకాల్సి వచ్చిన కథ. మా చిన్నాడికి జ్వరం. రాత్రి మా మధ్యలో పడుకోబెట్టుకున్నాం. తెల్లవారుజామున తాగిన పాలన్నీ కక్కేశాడు. కవర్ తీసి చూస్తే లోపలిది కూడా రెండు గళ్ల మేర తడిసిపోయింది. చిన్న మరకైతే మొత్తం ఉతకక్కర్లేదు. ఆ చోట లోపలి నూగుని వేళ్లతో పక్కకి తోసేసి, ఒట్టి గుడ్డని మాత్రమే గుప్పిట్లో పట్టుకుని, గుడ్డ చుట్టూ ఒక రబ్బరు బ్యాండ్ వేసి, సింకులో కాస్త సబ్బుతో రుద్ది కడిగేస్తే చాలు. టీ ఒలికినప్పుడు అలాగే చేశాం. ఇప్పుడు మాత్రం గళ్లలో నూగే తడిసింది, అది పాలు. వదిలేస్తే వాసన పట్టేస్తుంది. పై పైన కడిగి ఆ చోటు ఫ్యాన్ ముందు పెట్టాం.

పొద్దున్న ఒక డ్రై క్లీనర్‌కి ఫోన్ చేశాను. 55 డాలర్లు, వారం పైన పడుతుందన్నారు. డ్రై క్లీనింగ్ చేస్తారా, నీళ్లతో ఉతుకుతారా అని అడిగితే "వాటర్ వాషే" అన్నారు. నీళ్లతో ఉతికేదే అయితే ఆ పని మనమూ చెయ్యొచ్చు. కంఫర్టర్ అంచున కుట్టిన లేబుల్ చూస్తే మెషీన్ వాష్, నెమ్మది సైకిల్, తక్కువ వేడి డ్రయర్ అనే ఉంది. ఆ లేబుల్ మీద డ్రై క్లీన్ మాత్రమే అని ఉంటే నేనైతే సాహసం చెయ్యను, ముఖ్యంగా పైగుడ్డ సిల్క్ అయితే.

ఇంట్లో మెషీన్‌కి ఇది పనికాదు. మాది పైనుంచి వేసేది, మధ్యలో తిరిగే పెద్ద కడ్డీ ఉంటుంది. అది కంఫర్టర్‌ని మెలిపెట్టి లాగితే లోపలి గుడ్డ గోడలు తెగుతాయి. తెగిన గోడలోంచి నూగంతా ఒక మూలకి పోతే మళ్లీ సరిచెయ్యడం మన వల్ల కాదు. పైగా కింగ్ సైజు అందులో పట్టినట్టే పట్టి కదలకుండా ఉండిపోతుంది. అటూ ఇటూ తిరగడానికి చోటు లేకపోతే మధ్య భాగం తడవనే తడవదు. అందుకే లాండ్రోమాట్‌కి, అంటే డబ్బులు వేసి మెషీన్లు వాడుకునే షాపుకి వెళ్లాం. అక్కడ ముందు నుంచి తలుపు తీసే, 60 పౌండ్ల బట్టలు పట్టే మెషీన్లుంటాయి.

వెళ్లే ముందు రెండు పనులు చేశాం. ఒకటి, కుట్లన్నీ వెతికి చూడటం. ఒక అంచు దగ్గర అర అంగుళం కుట్టు వదులైంది, సన్నటి సూదితో కుట్టేశాను. చిన్న చిల్లు కూడా లోపల నీళ్లలో పెద్దదై, మెషీన్ నిండా నూగు చిమ్మితే లాండ్రోమాట్ వాళ్లకి సమాధానం చెప్పుకోవాలి. రెండోది మా ఆయన ఐడియా, మెచ్చుకోక తప్పదు. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు 23 కిలోలు దాటాయేమో తూచుకునే కొక్కెం త్రాసు ఉంటుందిగా, దానికి కంఫర్టర్‌ని పెద్ద సంచిలో వేలాడదీసి తూచాడు. సంచి పోను 2.4 కిలోలు. "ఆరాక మళ్లీ ఇంతే ఉండాలి. చేత్తో పట్టుకుని ఆరిందో లేదో అనుకోవడం కంటే ఇది నయం" అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ రాత్రికి ఆ త్రాసే మమ్మల్ని కాపాడింది.

సబ్బు విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. మామూలు డిటర్జెంట్లలో చాలావాటిలో రక్తం, పాలు, గుడ్డు లాంటి ప్రోటీన్ మరకల్ని విడగొట్టే ఎంజైములుంటాయి. నూగు కూడా కెరాటిన్ అనే ప్రోటీనే. మరక మీద పనిచేసేది దాని మీద పని చెయ్యదని ఎందుకు అనుకోవాలి? నిక్‌వ్యాక్స్ లాంటి కంపెనీలు డౌన్ కోసమే చేసే సబ్బులున్నాయి, ట్రెక్కింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. అదే తెచ్చాం. అది లేకపోతే ఉన్నికి వాడే తేలికపాటి లిక్విడ్ చాలు, మామూలుగా వేసే దాంట్లో సగం. నురగ ఎక్కువైతే లోపలి నుంచి వదలగొట్టడం కష్టం, మిగిలిపోయిన సబ్బు పోగుల్ని అతికించేస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, బ్లీచ్ ఈ రెండింటినీ దగ్గరికి రానివ్వకూడదు. సాఫ్ట్‌నర్ పోగుల మీద పూతలా పట్టి వాటిని విచ్చుకోనివ్వదు. లాండ్రోమాట్ మెషీన్లలో అంతకు ముందు వాళ్లు పోసిన సాఫ్ట్‌నర్ సబ్బు పోసే గూటిలో జిగటగా మిగిలి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచేసి అప్పుడు మన సబ్బు పోశాను.

కంఫర్టర్‌ని మెషీన్‌లో పెట్టడం కూడా తమాషాగానే ఉంటుంది. లోపలంతా గాలి, పైగుడ్డ నూగు బయటికి రాకుండా దగ్గరగా నేసింది. దానివల్ల గాలి ఒక పట్టాన వదలదు, నీళ్ల మీద తెప్పలా తేలుతుంది. ఛాతీకి ఆనించి హత్తుకుని గాలి పిండుతూ కొంచెం కొంచెంగా లోపలికి తోశాను. గోరువెచ్చటి నీళ్లు, నెమ్మది సైకిల్. అది అయ్యాక సబ్బు లేకుండా ఇంకోసారి జాడింపు, దాని మీద ఇంకోసారి. మొదటి జాడింపు తర్వాత కూడా అద్దం తలుపు వెనకాల నురగ కనిపిస్తూనే ఉంది. చివర్న గట్టిగా స్పిన్.

మెషీన్ ఆగాక తలుపు తీస్తే ఎవరికైనా గుండె జారుతుంది. పొద్దున మంచం నిండా పొంగి ఉన్నది ఇప్పుడు తడి గోనెసంచిలా ఓ మూల కూలబడి ఉంటుంది. నూగంతా గళ్ల మూలల్లో నిమ్మకాయలంత ఉండలు కట్టి, మిగతా గుడ్డ ఒట్టిగా వేలాడుతుంది. పాడైపోయిందని బెంగ పెట్టుకోనక్కర్లేదు, తడి నూగు అలాగే ఉంటుంది. వాసన కూడా వస్తుంది, బాతులు తడిసిన వాసన. మాతో వచ్చిన అత్తయ్య ముక్కు మీద కొంగు పెట్టుకుని, "అచ్చంగా మా ఊరి చేలో మంద దిగినప్పటి వాసనే అమ్మాయ్" అన్నారు. ఆరాక పోతుంది. బయటికి తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని లాగకూడదు. నీళ్ల బరువంతా ఆ గుడ్డ గోడల మీద పడి తెగుతాయి. మా ఆయన, నేను రెండు చేతులూ కింద నుంచి పెట్టి, నిద్రపోతున్న పిల్లాణ్ని ఎత్తినంత జాగ్రత్తగా బుట్టలోకి దించాం. త్రాసుకి తగిలిస్తే 4.1 కిలోలు. అంత స్పిన్ అయ్యాక కూడా లోపల కిలో ఏడు వందల గ్రాముల నీళ్లున్నాయన్నమాట.

ఇక్కడి నుంచి అసలు పని. అన్నిటికంటే పెద్ద డ్రయర్ చూసుకుని, వేడి 'లో' మీద (తక్కువలో) పెట్టి, కొత్త టెన్నిస్ బంతులు కొన్నిటిని తెల్ల సాక్సుల్లో ముడి వేసి కూడా వేశాం. సాక్సులు ఎందుకంటే బంతి మీది పసుపు రంగు అంటకుండా. బంతులు తగులుతుంటే ఉండలు విడిపోతాయి. దబదబా మోత వస్తుంది, పక్కవాళ్లు తిరిగి చూస్తారు, చూడనివ్వండి. త్వరగా అయిపోవాలని వేడి పెంచకూడదు. పైగుడ్డ మాడుతుంది, నూగు పెళుసెక్కుతుంది. లాండ్రోమాట్ డ్రయర్లలో 'లో' కూడా ఇంట్లో డ్రయర్ కంటే వేడిగానే ఉంటుంది, మొదటి పది నిమిషాలకే తలుపు తీసి గుడ్డని పట్టుకు చూశాను.

అరగంటకోసారి ఆపి, బయటికి తీసి, మడతల బల్ల మీద పరిచాం. ఉండల్ని ఎలా కనిపెట్టాలంటే, ఇద్దరు చెరో వైపు పట్టుకుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తాలి. నూగు ఉండ కట్టిన చోట నల్లగా, ఖాళీ అయిన చోట తెల్లగా కనిపిస్తుంది. ఆ నల్లటి మచ్చని బయట నుంచి రెండు చేతుల వేళ్లతో పట్టుకుని, మెల్లగా నలుపుతూ విడదీయాలి. గట్టిగా పిసికితే పోగులు విరుగుతాయి. అత్తయ్య కాసేపు చూసి, చీర కుచ్చిళ్లు దోపుకుని బల్ల దగ్గరికి వచ్చారు. "జరగండి, మీ చేతుల్లో తెల్లారుతుంది" అని ఒక్కో గడీ పట్టుకుని దూది విప్పినట్టు విప్పుకుంటూ పోయారు. చిన్నప్పుడు పరుపుల దూది ఏకే వాళ్ల పక్కన కూర్చుని చూసిన చెయ్యి ఆవిడది. మా ఇద్దరి కంటే రెట్టింపు వేగం. దీపం సంగతి ఆ రాత్రి ఎత్తలేదు.

రెండు గంటలు దాటాక కంఫర్టర్ మళ్లీ పొంగింది. పట్టుకుంటే గుడ్డ పొడిగా, వెచ్చగా ఉంది. అందరూ పొరబడేది ఇక్కడే. పైగుడ్డ ముందు ఆరిపోతుంది, గళ్ల మధ్యలో నూగు ఇంకా తడిగానే ఉంటుంది. వెచ్చగా ఉన్నప్పుడు ఆ తడి చేతికి తెలియదు. చేతికి ఆరిందనిపించిన దాన్ని త్రాసుకి వేలాడదీస్తే 2.9 కిలోలు! అర కిలో నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. అదే నమ్మి మడతపెట్టి అలమారలో పెట్టి ఉంటే వారం తిరిగేసరికి బూజు వాసన వచ్చేది, ఆ వాసన తర్వాత ఎన్ని ఉతుకులకీ పోదు. త్రాసు లేనివాళ్లకి ఇంకో గుర్తు ఉంది. కంఫర్టర్‌ని ఓ పావుగంట చల్లారనిచ్చి ముక్కు దగ్గర పెట్టుకోండి. ఇంకా బాతు వాసన వస్తుంటే ఆరలేదని లెక్క.

షాపు మూసే వేళ దాకా డ్రయర్‌కి డబ్బులు వేస్తూనే ఉన్నాం. తిరిగొచ్చేటప్పటికి 2.5. ఆ చివరి వంద గ్రాముల కోసం ఇంట్లో డైనింగ్ కుర్చీలు రెండు వరసలుగా పెట్టి, వాటి వీపుల మీద పరిచి, ఫ్యాన్ వేసి వదిలేశాం. ఇక్కడ చలికాలంలో హీటర్ వల్ల ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. చర్మం పగిలిపోతోందని రోజూ తిట్టుకునే ఆ పొడి గాలి ఇక్కడ మాత్రం అక్కరకొచ్చింది. పొద్దున ఇంటి డ్రయర్‌లో వేడి లేకుండా కాసేపు తిప్పి తూచితే 2.4. డ్రయర్ ఖర్చులన్నీ కలిపినా డ్రై క్లీనర్ చెప్పిన దాంట్లో సగం లోపే. ఒక సాయంత్రం మొత్తం పోయిందన్న మాట కూడా నిజమే. ఆ సాయంత్రం విలువ ఎక్కువనుకునే వాళ్లు 55 డాలర్లు కట్టేయడమే మంచిది.

బయట తీగ మీద ఎండలో ఆరెయ్యొచ్చుగా అని ఊళ్లో వాళ్లు ఫోన్‌లో అడిగారు. ఫిబ్రవరిలో ఇక్కడ తీగ మీద వేస్తే ఐసు పలక అవుతుంది. వేసవిలో వేద్దామన్నా మా కాలనీ అసోసియేషన్ వాళ్లు బాల్కనీలో బట్టలు కనిపిస్తే నోటీసు పంపిస్తారు. సొంత పెరడు ఉన్నవాళ్లు పొడి రోజున నీడపట్టున గంట రెండు గంటలు గాలికి వేస్తే మంచిదే. పరుపుని కొట్టినట్టు కర్రతో మాత్రం కొట్టకూడదు, దూది తట్టుకుంటుంది గానీ ఇది తట్టుకోదు.

రోజూ చెయ్యాల్సింది ఏమీ లేదు. లేవగానే మంచం సర్దెయ్యకుండా, కంఫర్టర్‌ని కాళ్ల వైపుకి మడిచి ఓ అరగంట వదిలేస్తాం. రాత్రంతా ఒంటి నుంచి వచ్చిన తేమ ఆరిపోతుంది. తర్వాత రెండు కొసలు పట్టుకుని నాలుగు దులుపులు దులిపితే మళ్లీ పొంగుతుంది. అప్పుడప్పుడు గుడ్డలోంచి చిన్న ఈక ముల్లులా పొడుచుకొస్తుంది. నూగుతో పాటు కొన్ని పైఈకలు కూడా కలుస్తాయి కాబట్టి ఇది మామూలే. పిల్లలు దాన్ని సరదాగా లాగేస్తారు. లాగితే చిల్లు పెద్దదై వెనకాలే ఇంకోటి వస్తుంది. కింది వైపు నుంచి గుడ్డతో సహా దాన్ని పట్టుకుని లోపలికి లాక్కోవాలి, చిల్లుని గోటితో అటూ ఇటూ రుద్దితే నేత మూసుకుంటుంది.

తుమ్ములు వస్తాయేమోనని భయపడేవాళ్లు చాలామంది. నూగు అంటేనే పడనివాళ్లు ఉంటారు గానీ, ఎక్కువమందికి పడనివి దుమ్ములో ఉండే మైట్స్ అనే కంటికి ఆనని పురుగులు. అవి తేమ ఉన్న చోటే పెరుగుతాయి, గాలిలో తేమ 50 శాతం లోపు ఉంటే బతకలేవు. కవర్‌ని 130 ఫారెన్‌హీట్ వేడి నీళ్లలో ఉతికితే చస్తాయి. అయినా ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే డాక్టర్ని అడిగే కొనండి. ఏడాది లోపు పసివాళ్ల దగ్గర డౌనైనా మరొకటైనా ఏ కంఫర్టరూ ఉండకూడదు, ఇక్కడి పిల్లల డాక్టర్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో అదొకటి.

మా చిన్నాడి మంచానికి పాలియెస్టర్ నింపినదే కొన్నాం. ఈ వయసులో పాలు, పెన్సిళ్లు, పక్క తడపడం అన్నీ ఉంటాయి. అది ఇంటి మెషీన్‌లోనే పడుతుంది, గంటలో ఆరుతుంది. అదే వెచ్చదనానికి బరువు ఎక్కువ, మూడు నాలుగేళ్లకి చప్పబడిపోతుంది. డౌన్ అయితే సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్లు వస్తుంది. అలా లెక్కేసుకుంటే పెద్దవాళ్ల మంచానికి డౌనే చవక.

మే నెల రాగానే లోపల పెట్టేస్తాం. గాలి పీల్చేసి పలకలా చేసే వాక్యూమ్ సంచులు చోటు ఆదా చేస్తాయి కానీ నెలల తరబడి నలిగిన నూగు మునుపటంత పొంగదు. ప్లాస్టిక్ సంచిలో తేమ చిక్కుకుంటుంది. మేం పాత కింగ్ సైజు కాటన్ దుప్పటిలో దీన్ని మూట కట్టి, అలమారలో అన్నిటికంటే పై అరలో పెడతాం, దాని మీద ఇంకేమీ పెట్టం. పెట్టే ముందు బాగా ఆరి ఉండాలి, అంతే.

అత్తయ్య వెళ్లేటప్పుడు మా ఆడపడుచు ఫోన్ చేసి, ఇంత వివరం విన్నాక తనకీ ఒకటి పంపమంది, హైదరాబాద్‌లో ఏసీ వేసుకుని కప్పుకుంటానని. వద్దన్నాను. వానాకాలం గాలిలో తేమకి అది ఎప్పుడూ పూర్తిగా పొడిగా ఉండదు, తడిస్తే ఆరబెట్టడానికి అంత పెద్ద డ్రయర్ వాళ్ల ఇంటి చుట్టుపక్కల లేదు. 24లో ఏసీ పెట్టుకుని పడుకునే ఇంటికి పలచటి దూది రజాయి చాలు, మంచి జైపూర్ రజాయి అయితే ఇంకా బాగుంటుంది, ఎండలో వేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. అత్తయ్య సూట్‌కేసులో ఆ చోటు పిల్లల జాకెట్లకి, చాక్లెట్లకి పోయింది. కొక్కెం త్రాసు మీద 22.8 చూపించాకే జిప్పు వేశాం.